కొసలు లేని ముడి

తొకొమి దీవికి ఉత్తరాన, ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కప్పుకుని ఉండే కొండల నడుమ, హియామ వంశం వారి తెల్లకోట ఉంది. ఏడంతస్తుల కోట. అంతస్తు అంతస్తుకీ కొసలు పైకి వంపు తిరిగిన చూరులు, చూరు చూరుకీ వరసగా కంచు గంటలు, గోడలకు ముత్యాల పొడి కలిపిన సున్నం. కిటికీలకు పలుచని కాగితపు తలుపులు, వాటి మీద బంగారు నీటితో వేసిన దేవదారు కొమ్మలు. మధ్యాహ్నపు ఎండ పడిన వేళ ఆ కోటను చూసినవాడు రెప్ప వెయ్యడం మరిచిపోతాడని హియామ ఆస్థాన కవులు పద్యాలు కట్టారు.

తోకిచి కూడా చూశాడు. లోయకు ఇవతలి గట్టున, నడుము లోతు మంచులో నిలబడి చూశాడు. అంత పెద్ద కోటలో మనిషి నడుము వాల్చే మూల ఒక్కటైనా ఉండకపోతుందా అనుకున్నాడు. మూడు రోజులుగా అతడికి నిద్ర తప్ప మరో ధ్యాస లేదు.

ఈ తోకిచి కత్తి పట్టే వీరుడు కాడు. కుసగి వంశం సైన్యంలో కవచాలకు తాళ్లు అల్లేవాడు. ఆ దేశంలో కవచమంటే లక్క పూసిన ఇనుప రేకులను పట్టుతాళ్లతో వరసలు వరసలుగా కుట్టినది. తాడు తెగితే ఇనుము ఎంతున్నా దండగే. కుసగి వారికీ హియామ వారికీ ఒక ఏరు కోసం యుద్ధం మొదలై పన్నెండేళ్లయింది. ఆ ఏరు నాలుగేళ్ల కిందటే ఎండిపోయింది. ఆ సంగతి రెండు వంశాల ప్రభువులకూ చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది గనక యుద్ధం నడుస్తూనే ఉంది, తోకిచి తాళ్లు అల్లుతూనే ఉన్నాడు.

అతడికి నా అన్నవాడు ఒక్క తమ్ముడు, యహేజీ. ఎప్పుడూ అల్లం ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని తిరిగేవాడు. పదిహేను రోజుల కిందట ఎర్రవాగు రేవు దగ్గర జరిగిన పోరులో పడిపోయాడు. ఒంటి మీద గాయం లేదు, కవచం లేదు, తల మీద శిరస్త్రాణం లేదు. గడ్డం కింద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత ఒకటి ఉంది. ఊపిరి ఆడుతోంది గాని, ముక్కు దగ్గర దూది పింజ పెట్టి చూస్తే తప్ప తెలియడం లేదు. తోకిచి తమ్ముణ్ణి వీపున వేసుకుని కొండ మీది ఆశ్రమానికి మోసుకుపోయాడు.

అక్కడి మ్యోకు అవ్వ గీతను వేలితో తడిమి నిట్టూర్చింది.

"ప్రాణం ముడిలో పడిపోయింది నాయనా. హియామ వాళ్ల కొలువులో గంకై అని ఒక మాంత్రికుడున్నాడు. గడ్డం కింద ముడి విప్పకుండానే తల మీంచి శిరస్త్రాణం ఊడలాగేస్తాడు, అదీ వాడి విద్య. మనిషి ప్రాణం ఆ ముడిలో ఇరుక్కుంటుంది. ఖాళీ కవచం లేచి వాడు చెప్పినచోటికల్లా నడుస్తుంది. దాని కత్తికి తొలి నెత్తురు అంటిందా, ఇక్కడ ఈ ఊపిరి ఆగిపోతుంది."

"ముడి కోసేస్తేనో?"

"కోస్తే ఊపిరి కూడా తెగుతుంది. చేత్తోనే విప్పాలి. అదీ కుదరకపోతే ఆ ముడికి ఇంకో మెడ ఇయ్యాలి. ఇష్టపడి దూర్చిన మెడకైతే ముడి తనే వదులై చోటిస్తుంది. పాత ప్రాణం ఇంటికెళ్లిపోతుంది, కొత్తది ఇరుక్కుంటుంది."

తోకిచి నవ్వాడు. "ఆ రెండో దారి మనకెందుకులే అవ్వా. ఆ ముడి వేసింది నేనే. కళ్లు మూసుకుని విప్పుతాను."

గంకై తన ఖాళీ కవచాలను ఈ రోజే సూర్యాస్తమయం వేళ కోట నుంచి కదిలిస్తాడని వేగులు చెప్పారు. ఒకసారి కదిలాక వాటి దగ్గరికి ఎవరూ పోలేరు. అందుకే తోకిచి దారిలో చచ్చి పడి ఉన్న ఒక హియామ తాళ్లవాడి బట్టలు తొడుక్కుని, వాడి పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఆగకుండా ఇంత దూరం వచ్చాడు.

కోట వంతెన ఎత్తి ఉన్నప్పుడు లోయ దాటడానికి ఉన్నది ఒక్కటే దారి, మోకు మీద జారే వెదురు బుట్ట. లోయ అడుగు కనపడదు, పొగమంచు. మోకు పొడవునా తెల్లటి కాగితంతో మడిచిన కొంగలు వేల కొద్దీ వేలాడుతున్నాయి. అవి గంకై కాపలాదారులు. హియామ వాళ్లు తమ తాళ్లకు గుగ్గిలం రాస్తారు. ఆ వాసన ఉన్నవాణ్ణి కొంగలు వదిలేస్తాయి, లేనివాణ్ణి వదలవు. చచ్చినవాడి బట్టలు గుగ్గిలం కంపు కొడుతున్నాయి గనక తోకిచి ధైర్యంగా బుట్టలో కూర్చుని మోకు లాగడం మొదలుపెట్టాడు.

సగం దూరం బాగానే సాగింది. అక్కడ చేతులు చల్లబడి, వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని వెచ్చటి ఊపిరి ఊదుకున్నాడు. కుసగి వాళ్లు తాళ్లకు రాసేది తేనెమైనం. పన్నెండేళ్ల మైనం అతడి గోళ్ల సందుల్లో పేరుకుని ఉంది. ఊపిరి వేడికి అది కరిగి వాసన వేసింది. నెత్తి మీద కొంగ ఒకటి మెడ తిప్పింది.

మరుక్షణం వేల కాగితపు రెక్కలు ఒక్కసారి విచ్చుకున్నాయి. అంచులు కత్తుల్లా కోస్తున్నాయి. ఒకటి చెవి తమ్మె చీల్చింది, ఒకటి కనుబొమ్మ, పది కలిసి బుట్ట కట్టిన తాళ్ల మీద పడ్డాయి. మూడు తాళ్లలో ఒకటి పుటుక్కున తెగి బుట్ట ఒక పక్కకు ఒరిగింది. తోకిచి ఒక చేత్తో మోకు పట్టుకుని వేలాడుతూ, రెండో చేత్తో సొరకాయ బుర్ర తీసి బార్లీ జావ నోటి నిండా పట్టి, చాకలి బట్టల మీద నీళ్లు చిమ్మినట్టు బుర్రున చిమ్మాడు. తడిసిన కాగితం రెక్క ఆడించలేదు కదా, తడిసిన కొంగ తడిసినట్టే ముడుచుకుని లోయలోకి రాలిపోయింది. మళ్లీ నోరు నింపాడు, మళ్లీ చిమ్మాడు. బుర్ర ఖాళీ అయ్యేసరికి రెండో తాడూ తెగింది. చివరి తాడు పట్టుకుని పైకి లేచి, బుట్ట కాళ్ల కింద ఊడిపోతుంటే, మోకు మీద చేతులు మార్చుకుంటూ పాక్కుంటూ అవతలి గట్టుకు చేరి బోర్లా పడ్డాడు. అలాగే పడుకుండిపోదామని అనిపించింది. మూడు రోజులకు అదొక్కటే తిండి, అదీ కొంగల పాలయింది.

కోట వాకిట్లో కాపలావాడు ఈటెకు ఆనుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. అలికిడికి ఒక కన్ను తెరిచాడు.

"తాళ్లవాడివా? ఏమిటా నెత్తురు?"

"జారి పడ్డానండి."

"పో, పో. పొద్దుటి నుంచి పనివాళ్లు చాల్లేదని లోపల ఆ పెద్దమ్మ మా ప్రాణాలు తీస్తోంది."

రెండో కన్ను తెరవకుండానే వాడు మళ్లీ కునుకులోకి జారాడు. తోకిచికి వాడి మీద జాలి వేసింది.

లోపల పెద్ద చావడి. నేలంతా మెత్తటి గడ్డిచాపలు, స్తంభాలకు బంగారు రేకులు, కప్పు నిండా మేఘాలూ నాగులూ చెక్కిన పని. ఆ వైభవం కింద, వరసకు పది చొప్పున, పెట్టెల మీద కూర్చోబెట్టిన ఖాళీ కవచాలు. చివరి వరసలో ఒకటి ఎక్కువ. మొత్తం నూట పదకొండు. ఇనుప ముఖాల్లో కళ్లుండాల్సిన చోట చీకటి. శిరస్త్రాణం కింద మెడ లేదు, మెడ లేని చోట గాలిలో నిలిచిన తాడు, తాడుకు ముడి. తలుపు దగ్గర ఇద్దరు భటులు కత్తులు దూసి కూర్చున్నారు.

నిప్పుల కుంపటి పక్కన తల నెరిసిన ఒక స్త్రీ తాడుకు గుగ్గిలం రాస్తోంది. ఎడమ చేతి రెండు వేళ్లు వంకరగా అతికి ఉన్నాయి. కాపలావాడు చెప్పిన పెద్దమ్మ ఆమే, తాళ్ల పని చూసే ఒసెన్.

"వచ్చావా తమ్ముడూ? కూచో. పక్కతాళ్లు అన్నీ మార్చాలి, పొద్దుగూకేలోపు. గడ్డం కింద ముళ్ల జోలికి మాత్రం పోకు. ముట్టుకుంటే వాళ్లు వేళ్లు విరిచేస్తారు," అని భటుల వైపు గడ్డం చూపించింది.

తోకిచి కూర్చుని పని మొదలెట్టాడు. కవచం కుడి పక్కన తెరిచి ఉండే చోట పాత తాడు లాగెయ్యడం, కొత్త తాడు ఎక్కించడం. చేతులు వాటంతటవే పోతున్నాయి, కళ్లు వరసలు వెదుకుతున్నాయి. మొదటి వరస కాదు. రెండోది కాదు. ముళ్ల కొసలు జానెడేసి వేలాడుతున్నాయి. కుసగి కవచాలున్నాయి, విచిత్రంగా హియామ కవచాలు కూడా ఉన్నాయి. గంకై సొంత వాళ్లను కూడా వదలలేదన్నమాట.

"నువ్వు కుసగి వాడివి," అంది ఒసెన్, తాడు మీంచి చూపు ఎత్తకుండా.

తోకిచి చేతులు ఆగిపోయాయి.

"తాడు కొసను నాలిక మీద తడిపి ఎక్కిస్తున్నావు. మైనం రాసేవాళ్లే అలా చేస్తారు. గుగ్గిలం చేదు, మేమెవరం నోట పెట్టం." ఆమె కొత్త తాడు ఒకటి అతడి ముందుకు తోసింది. "పని ఆపకు, వాళ్లు చూస్తారు. ఎవరి కోసం వచ్చావు?"

"తమ్ముడు."

"మూడో వరసలో నాలుగోది మా ఆయన. వంటశాలలో నీళ్లు మోసేవాడు. కత్తి ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. కవచాలు తక్కువ పడ్డాయని తొడిగేసి లాక్కుపోయారు. ఇంట్లో చాప మీద ఉన్నాడు, పద్దెనిమిది రోజులయింది. ఆ ముడి విప్పబోతేనే ఇదిగో, ఈ వేళ్లు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. తోకిచికి ఆమెను చూస్తే అద్దం చూసుకున్నట్టుంది. చెయ్యి సాచి ఆ వంకర వేళ్లను తాకాలనిపించింది, భటులున్నారని మానుకున్నాడు.

"అక్కా," అన్నాడు మెల్లిగా, "నాది విప్పగానే మీ ఆయనదీ విప్పేస్తాను. నా చేతికి ఒక్కో ముడీ రెండు రెప్పపాట్ల పని. ఆ భటుల్ని ఒక్క నిమిషం..."

"చూస్తాను," అంది ఒసెన్.

మూడో వరసలో ఐదోది యహేజీ కవచం. దాన్ని గుర్తుపట్టడానికి తోకిచికి దీపం అక్కర్లేదు. రేకుల మధ్య నీలం తాడు తను అల్లిందే. ఎగశ్వాసతో దాని పక్కకు జరిగి, తాడు మారుస్తున్నట్టు నటిస్తూ, గడ్డం కింది ముడి చూశాడు.

ముడికి కొసలు లేవు.

కుసగి వంశంలో ఒక ఆచారం ఉంది. తిరిగి రానని ఒట్టు పెట్టుకుని పోరుకు వెళ్లే వీరుడు శిరస్త్రాణం తాడు ముడి వేయించుకుని, కొసలు మొదలంటా కోయించుకుంటాడు. ఇక ఆ ముడి విప్పే పని లేదని అర్థం. అది గొప్ప గౌరవం, ప్రభువు అనుమతి ఉండాలి. ఎర్రవాగు పోరు నాటి ఉదయం ముందు వరసలో నలభై మందికి ఆ గౌరవం దక్కింది. వరస చివర నిలబడ్డ యహేజీ అన్న చెవిలో, "నాది కొయ్యకన్నా. నేనొచ్చేస్తా. ఎవడూ చూడడులే, లోపలికి దోపెయ్," అన్నాడు. తోకిచి సరేనన్నాడు. అంతవరకూ బాగా గుర్తుంది.

అప్పటికి మూడు రాత్రులుగా నిద్ర లేదు. కత్తెర పట్టుకుని నడిచాడు. ముడి, కొస, కొస. ముడి, కొస, కొస. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నలభయ్యవవాడి దగ్గర ఏం చేశాడో ఇప్పుడెంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తు రానక్కర్లేదు. నున్నగా, సమంగా, ముడికి ఆనించి తెగిన ఆ కోత అతడిదే. అంత అందంగా కోసేవాడు ఆ సైన్యంలో మరొకడు లేడు.

గోరు దూర్చి చూశాడు. పనిముట్ల సంచిలోంచి దబ్బనం తీసి చూశాడు. మైనం పట్టిన ముడి రాయిలా ఉంది, దబ్బనం మొన విరిగింది. కాగితపు తలుపుల మీద ఎండ ఎర్రబడుతోంది. తోకిచికి ఏడుపొచ్చింది, పెదవి కొరుక్కున్నాడు. తమ్ముడు అడిగింది ఒక్కటే, అదీ చెయ్యలేకపోయాడు.

అప్పుడు అవ్వ చెప్పిన రెండో దారి గుర్తొచ్చింది.

"అక్కా," అన్నాడు. గొంతు చిత్రంగా తేలికపడింది. "ఈ కవచానికి పక్క తెరిచే ఉంది కదా. నేను లోపలికి పోయాక కుట్టెయ్యగలవా?"

ఒసెన్ అతణ్ణీ ఆ ముడినీ మార్చి మార్చి చూసింది. తాళ్ల పని చేసే మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు. లేచి నిలబడుతూ తూలినట్టు నటించి గుగ్గిలం కుండను కుంపటిలోకి తన్నింది.

భగ్గున మంట, ఆ వెనకే నల్లటి పొగ చావడి నిండా కమ్ముకుంది. భటులు దగ్గుతూ, "చేతులు పడిపోయాయా ముసలిదానా!" అని తిడుతూ తలుపులు తీసుకుని బయటికి పరిగెత్తారు. తోకిచి పక్క తెరిచిన చోట నుంచి కవచంలోకి దూరాడు. చేతులు తొడుగుల్లోకి, కాళ్లు కాలిరేకుల్లోకి. తల వంచి శిరస్త్రాణం కిందికి పోనిచ్చాడు. రాయిలాంటి ముడి ఒక్క క్షణం వదులైంది. గడ్డం దాటింది, మళ్లీ బిగుసుకుంది.

ఘాటుగా అల్లం వాసన.

వెచ్చటి ఊపిరి ఒకటి అతడి ముఖం మీంచి, కనురెప్పల మీంచి దాటి పొగలో కలిసిపోయింది. అది ఎక్కడికి పోతోందో అతడికి తెలుసు. "అల్లం తగ్గించరా," అని గొణిగాడు. ఇనుప ముఖం వెనక కన్నీళ్లు కారుతున్నా తుడుచుకునే వీల్లేదు, బరువు అప్పుడే ఒంటి మీదికి పాకేసింది. పక్కన ఒసెన్ వంకర వేళ్లు చకచకా తాడు లాగుతున్నాయి.

పొగ విడిచేసరికి గంకై గుమ్మంలో ఉన్నాడు. ముఖానికి తెల్లటి కొయ్య ముసుగు, నల్లటి అంగీ, చేతిలో ఇనుప విసనకర్ర. తగలబడిన చాపను చూశాడు, ఒసెన్‌ను చూశాడు.

"ఇంకొకడు ఉండాలే. వాడేడీ?"

"పొగకు భయపడి పారిపోయాడయ్యా. వట్టి పిరికివాడు."

గంకై వరసల మధ్య నడుస్తూ విసనకర్రతో కవచాల రొమ్ము మీద కొట్టుకుంటూ వచ్చాడు. ఖాళీ కుండల మోత. మూడో వరస. రెండోది, మూడోది, నాలుగోది. ఐదోదాని ముందు విసనకర్ర ఎత్తాడు. సరిగ్గా అప్పుడే కోట మీద అస్తమయపు నగారా మోగింది. గంకై చటుక్కున వెనక్కి తిరిగి మంత్రం అందుకున్నాడు.

నూట పదకొండు కవచాలు ఒక్క ఉదుటున లేచాయి. తోకిచి కాళ్లు కూడా లేచాయి, అతడి ప్రమేయం లేకుండా. కుడి చెయ్యి కత్తి పిడి పట్టుకుంది. గుమ్మం దాటారు, వంతెన దించారు, తూర్పు బాట పట్టారు. ముందు గుర్రం మీద గంకై, వెనక ఇనుప కాళ్ల కింద నలిగే మంచు చప్పుడు. పన్నెండేళ్లలో మొదటిసారి తోకిచి తన కాళ్లను తాను ఈడ్చుకోవడం లేదు, అవే అతణ్ణి మోసుకుపోతున్నాయి. హాయిగా ఉంది. ఇలాగే కళ్లు మూసుకుంటే చాలు. ఎర్రవాగు రేవు దాకా ఆరు కోసుల నిద్ర. అక్కడ కత్తి దూసేదీ నరికేదీ ఈ చెయ్యే, నరకబోయేది తన వాళ్లనే. అయినా రెప్పలు వాలిపోతున్నాయి.

రెప్పలు వాలిపోతుండగా ఎడమ చేతి బొటనవేలు కదిలింది.

తోకిచి కళ్లు తెరిచాడు. మళ్లీ కదిలించి చూశాడు. చూపుడువేలు, మధ్యవేలు. మంత్రం కాలిరేకులను నడుపుతోంది, కత్తి పట్టిన చేతిని బిగిస్తోంది. ఎడమ తొడుగును వట్టిగా వేలాడమని వదిలేసింది. అందులో వేళ్లుంటాయని గంకై అనుకోలేదు, ఖాళీ కవచాల్లో వేళ్లుండవు మరి.

ఎడమ పక్క నడుస్తున్నది హియామ కవచం, ఎవరో పొడగరి కోసం చేసింది. నీళ్లు మోసేవాడు అందులో ఎంత వదులుగా ఉండి ఉంటాడో. దాని గడ్డం కింద గుగ్గిలం పట్టిన నల్లటి తాడు, జానెడేసి కొసలు, నడకకు అటూ ఇటూ ఊగుతున్నాయి. నూట పది ముళ్లు, ఆరు కోసుల దారి. చూసినంతలో అన్నిటికీ కొసలున్నాయి, తన గడ్డం కింద దానికి తప్ప. దాని సంగతి తర్వాత చూడొచ్చు.

మంత్రం బరువుకు ఎదురుగా మోచెయ్యి అంగుళం అంగుళం పైకి లేచింది. భుజం కీలు విరిగిపోతుందేమో అనిపించింది. నల్లటి కొస వేళ్ల మధ్యకు వచ్చింది, చేజారింది, మళ్లీ వచ్చింది. ముందు గంకై గుర్రం మీద తల తిప్పబోతున్నాడు.

మూడో వరసలో నాలుగోది. తోకిచి కొస పట్టుకుని లాగాడు.